వెనక గదిలో పరిచిన పరుపు

"అక్కా, చిన్నమ్మ పోయింది" అని టోంగాట్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను చర్చికి బయలుదేరుతున్నాను. ఫోన్ పెట్టేసి అక్కడే కూర్చున్నాను. మొదట గుర్తొచ్చింది ఆమె ముఖం కాదు, పరుపుల్లో చల్లే మందు వాసన. అందుకు ఆమె ఏమీ అనుకోదులే.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. దక్షిణాఫ్రికాలో మా తెలుగువాళ్ళ ఊరు టోంగాట్‌లో, చెరకు మిల్లు వెనక వీధిలో ఉండేది. అమ్మ పోయాక మా ఆడపిల్లలందరికీ పురుళ్ళు పోసింది ఆమే. పొయ్యి మీంచి కూర దించి కొత్తిమీర తుంచి వేసి, ఆ వేళ్ళు ఒకసారి వాసన చూసుకునేది. చివరి ఏళ్ళలో మాత్రం కొత్తిమీరను ఇంట్లోకి రానివ్వలేదు.

ఆ వీధికి ఒక ఆచారం ఉంది. పెళ్ళికైనా చావుకైనా చుట్టాలు దిగితే, అందరి ఇళ్ళలో పరుపులూ ఆ ఇంటికే పోతాయి. ఎవరు ఎవరి పరుపు మీద పడుకున్నారో ఎవరికీ తెలియదు. తిరిగి ఇచ్చేటప్పుడు కుట్ల వెంబడి నల్లుల పొడి చల్లి ఇవ్వాలి. మా అమ్మ చల్లేది, చిన్నమ్మా చల్లేది. "పొడి లేకుండా పంపితే పరువేం కాను?" అనేది.

అవి నల్లవాళ్ళకూ మొదటిసారి ఓటు వచ్చిన ఎన్నికలకు ముందు రోజులు. పార్టీల గొడవల్లో కొండల అవతల ఇళ్ళు తగలబడుతుండేవి. ఒక పొద్దున ఒక జూలూ ఆవిడ పసిపాపను వీపున కట్టుకుని, చేతిలో బట్టల మూటతో చిన్నమ్మ గేటు దగ్గర నిలబడింది. ఇల్లు కాలిపోయింది, మొగుడి జాడ తెలియదు. చిన్నమ్మ ఇంకేమీ అడగలేదు. వెనక గది తాళం తీసి, తన ఇంట్లో పరుపే ఒకటి మోసుకెళ్ళి వేసింది. పాత చీర చింపి పాపకు చిన్న దిండు కుట్టింది. పాప చిన్నమ్మ ముక్కుపుడక పట్టుకుంటే వదిలేది కాదు. "వదలవే దొంగపిల్లా, అది మా అమ్మదే!" అని చిన్నమ్మ తెలుగులో కసురుతుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ తల్లి నవ్వేది.

అప్పుడే చిన్నమ్మ పెద్ద కూతురి పెళ్ళి వచ్చింది. వీధిలో పరుపులన్నీ చేరాయి. తెల్లారేసరికి పెళ్ళికొడుకు మేనమామ మెడ గోక్కుంటూ వరండాలోకి వచ్చాడు.

"ఏం వదినా, మాకు బిర్యానీ వడ్డించి, మమ్మల్ని నల్లులకు వడ్డించావా?"

అందరూ నవ్వారు. చిన్నమ్మ నవ్వలేదు. పెళ్ళివారు వెళ్ళాక ఎదురింటావిడ వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఉన్నాయా మన వీధిలో ఇవి? వెనక గదిలో పెట్టుకున్నావుగా, ఆ మూటలోంచే దిగాయి."

"పసిదాన్ని పెట్టుకుని ఎక్కడికి పోతుందే?"

"అది నువ్వు చూసుకో. ఆవిడ ఉంటే మా పరుపులు నీ గడప దాటి రావు. ఇంకో పిల్ల పెళ్ళి ఉంది నీకు, మరిచిపోకు."

చిన్నమ్మ ఒక వారం ఆగింది. చివరికి వెనక గది గుమ్మం దగ్గరికి వెళ్ళి, "ఓట్లు అయ్యాక రా తల్లీ, గొడవలు తగ్గాక" అని తనకు వచ్చిన జూలూలో చెప్పింది. ఆవిడ దుప్పటి మడతపెట్టింది. చిన్న దిండు దుప్పటి మీదే ఉంచేసింది. "న్గియబోంగ, మా" అంది. ధన్యవాదాలు అమ్మా అని. పాపను వీపున కట్టుకుని వెళ్ళిపోయింది. ఒక్క మాట తిట్టి ఉంటే చిన్నమ్మ కాస్త నిద్రపోయేదేమో.

ఆవిడ వెళ్ళింది, నల్లులు వెళ్ళలేదు. పొడి మార్చారు, ఘాటైన మందు తెచ్చి కొట్టారు. అయినా పోలేదు. ఒకరోజు నేను వెళ్ళేసరికి చిన్నమ్మ వంటింటి కిటికీ దగ్గర జామ్ సీసా పట్టుకుని నిలబడి ఉంది. అడుగున తెల్లగా పొడి, దాని మీద నల్లులు.

"చూడు పెద్దపాపా. నిన్న వేశాను. ఇవాళ పొడిలోనే తిరుగుతున్నాయి."

"పొడి పాతదేమో చిన్నమ్మా."

"కొత్త డబ్బానే. చచ్చే రకం మా అమ్మ కాలంలోనే చచ్చింది. చావని రకం పిల్లల్ని పెట్టింది. మళ్ళీ పొడి, మళ్ళీ మిగిలినవి. ఇన్నేళ్ళూ పరుపులు మార్చుకుంటూ మొండివాటిని మనమే సాకాం." సీసా వెలుతురుకు ఎత్తి అంది: "ఆవిడది పేడతో అలికిన ఇల్లు. దాంట్లో పొడి ఎక్కడిది? ఆ ఇంటి నల్లే అయితే నేను పొడి చల్లిన రోజే చచ్చేది. ఇవి మనింటివి పాపా."

మూత తీస్తే నలిపిన కొత్తిమీర లాంటి వాసన వచ్చింది. ఆ రోజు నుంచే కొత్తిమీర మానేసింది.

ఆ సీసా పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి చూపించింది. "నీకు మతి పోయింది వదినా" అన్నారు. ఆ తల్లీబిడ్డల కోసం, ఊళ్ళు విడిచినవాళ్ళు తలదాచుకున్న చర్చి హాళ్ళలో వెతికింది, ఆసుపత్రి బెంచీల మీద వెతికింది. ఓట్ల రోజు నేనూ పక్కనే ఉన్నాను. మా చోటు వదిలేసి, ఎండలో వరస పొడుగునా ఒక్కొక్క ఆడమనిషి ముఖమూ, వీపునున్న బిడ్డ ముఖమూ చూసుకుంటూ నడిచింది. "ఏం అవ్వా, ఓటెయ్యడానికొచ్చావా, మమ్మల్ని తనిఖీ చెయ్యడానికొచ్చావా?" అని ఎవరో మనవాళ్ళే ఎగతాళి చేశారు. వరస చివరి దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. "రమ్మన్నాను కదే, ఓట్లు అయ్యాక" అంది.

ఆ తర్వాత తన మంచం వదిలేసి వెనక గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే, "గేటు చప్పుడు అక్కడికైతే వినబడుతుంది" అనేది. మోచేతుల నిండా ఎర్రటి దద్దుర్లు. మందు కొట్టనివ్వలేదు. ఆమె దీపం పెట్టేది, నేను చర్చికి పోతాను. అయినా ప్రతి ఆదివారం ఫోన్ చేసేది.

"ఆ పాప సంగతి చెప్పావా దేవుడికి?"

"చెప్పాను చిన్నమ్మా."

"తల్లిది?"

"తల్లిదీ చెప్పాను."

"సరే" అని పెట్టేసేది.

ఆ సాయంత్రమే దహనం అయ్యాక ఆ ఇంటికి మళ్ళీ వీధిలో పరుపులన్నీ వచ్చాయి, అదే పొడి వాసనతో. నేను వెనక గదిలోకి వెళ్ళాను. ఉతికిన దుప్పటి పరిచి ఉంది. తన తలగడ పక్కనే చీరగుడ్డ చిన్న దిండు. మోకరించి, మోచేతులు పరుపు మీద ఆనించి, ఆ ఇద్దరి కోసం, మా చిన్నమ్మ కోసం ప్రార్థన చేశాను. ఆమె నన్ను అడగని ఆదివారం ఇదే మొదటిది.

కళ్ళు తెరిచేసరికి, చిన్న దిండు కుట్టులోంచి ఒక నల్లి బయటికి వచ్చి, తెల్లటి దుప్పటి మీద, ఎదురుచూస్తున్న మనిషి వచ్చినట్టు, నా చేతి వైపు నడుస్తోంది.