సివిక్స్ సారు దగ్గు

పదో తరగతి పరీక్షలు అయ్యాయంటే సివిక్స్ లెక్చరర్ సంజీవరావుకి కాలు ఒకచోట నిలవదు. ఇంటర్ హెచ్‌ఈసీ గ్రూపులో పిల్లలు చేరకపోతే ప్రైవేటు కాలేజీలో ఆయన ఉద్యోగం ఊడుతుంది. అందుకే అడ్మిషన్ల కోసం దర్శి చుట్టుపక్కల ఊళ్లన్నీ బండిమీద తిరుగుతాడు.

ఆరోజు కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న యలమందయ్యను పట్టుకున్నాడు.

"మీ అమ్మాయి శ్రీదివ్యని మా గ్రూపులో చేర్చండి. హిస్టరీ, సివిక్స్ చదివినవాళ్లే రేపు కలెక్టర్లవుతారు!" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

యలమందయ్య అంతా విన్నాడు. "బాగానే ఉందండి. మరి మీ అమ్మాయి కూడా ఈ గ్రూపేనా సారూ?"

కూతురు మహిమకి మొన్ననే గుంటూరులో బైపీసీ సీటు మాట్లాడి వచ్చాడు సంజీవరావు. నోరు తెరవబోతే దగ్గు ముంచుకొచ్చింది.

"మిరప ఘాటండీ," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

యలమందయ్య నీళ్ల సీసా అందించాడు. "తొందరేం లేదు సారూ. దగ్గు తగ్గాకే చెప్పండి."