ఓబులయ్య రొమ్ములో రాతి ఉన్ని

"ఎవుర్ని గమ్మునుండమంటాండావక్కా? నా మొగున్ని రేపు విచారణకని బంగళాలో నిలబెట్టి, నలుగురిలో తప్పు చేసినోడనిపిస్తావా?"

"నేనేమీ అనిపియ్యను. ఆ దినం జరిగింది జరిగినట్టు జెప్పమంటాండా, అంతే."

"నువ్వు జెప్పొచ్చినావు గదా! మళ్లా ఈయనెందుకు?"

"నేను జెప్తే వాళ్లకు ఎక్కలేదు మేయ్! ఆయప్ప శవం కోతకు వద్దన్న మనిషే రావాలంట. వద్దనిందెవురు? నేనా, నీ మొగుడా?"

కాటమయ్య దొడ్డిలో కూచుని గొర్రెపిల్ల గిట్టలో దిగిన ముల్లు తీస్తున్నాడు. ముల్లు ఎప్పుడో వచ్చేసింది. అయినా కాలు వదల్లేదు. వదిలితే లేవాలి, లేస్తే పోయి ఆ ఇద్దరాడోళ్ల నడుమ నిలబడాలి. అరిచేది అతని పెండ్లాం నాగేశ్వరమ్మ. జవాబు చెప్పేది చనిపోయిన అతని అన్న ఓబులయ్య పెండ్లాం గురవమ్మ. తొండూరు దగ్గరి ఆ పల్లెలో రెండిండ్లకూ నడుమ ఉండేది ఒకే గోడ. ఆ గోడకు ఏ మాటనూ ఆపే శక్తి లేదు.

ఓబులయ్య పోయి రెండేండ్లు. నేవీలో బాయిలర్ల దగ్గర పనిచేసి వచ్చినోడు, ఊపిరితిత్తుల్లో రాతినార, అదే ఆస్బెస్టాస్, పేరుకుని ఊపిరాడక పోయినాడు. ఆ రోగం ఓడలోనే పట్టిందని తేలితే గురవమ్మకు ప్రత్యేక కుటుంబ పింఛను వస్తుంది. తేలకపోతే ఇప్పుడొచ్చే చిన్న పింఛనే గతి. మొగుని వైద్యానికే సగం మంద అమ్మేసింది. మిగిలిన గొర్రెలు కూడా ఒకటొకటే సంతకు పోతున్నాయి.

మొదటి విచారణలో అధికారి ఒకటే అడిగినాడు. రోగమేదో తేల్చేదానికి డాక్టరు పోస్టుమార్టం చేస్తానంటే మీరెందుకు వద్దన్యారు? "ఆయప్పను ముక్కలు చెయ్యనియ్యలేక సామీ" అనింది గురవమ్మ. అది చాలదన్నాడాయన, ఆసుపత్రి కాగితంలో వద్దన్నది మరిదని రాసుందన్నాడు. వద్దన్న మనిషే వచ్చి సరైన కారణం చెప్తే, ఆ డాక్టరును పిలిపించి పాత ఎక్స్‌రేలన్నీ చూస్తాం, లేకుంటే ఫైలు మూసేస్తాం అన్నాడు. గురవమ్మ చెప్పిన కారణం ఆమెది కాదు. కాటమయ్య ఆమెకు చెప్పింది. అన్న మీద ప్రేమతో వద్దన్నానని చెప్పినాడు. ఆమె నమ్మింది. నమ్మి, ఆ తప్పు తన నెత్తిన వేసుకుని వచ్చింది.

అది అబద్ధం. అన్న నోటితో అడిగిన పనినే కాటమయ్య జరగనియ్యలేదు. ఆ సంగతి రెండేండ్లుగా అతని పెండ్లానికి కూడా తెలీదు.

అన్నదమ్ములిద్దరూ చిన్నప్పుడు పులివెందుల పైనుండే కొండల్లో గొర్రెలు కాసినోళ్లు. ఆ కొండల్లో పగలగొడితే దారాలు దారాలుగా ఊడొచ్చే రాయి ఉంది. "రాతికి ఉన్ని మొలిచిందిరా!" అని నవ్వేవాడు ఓబులయ్య. ఇద్దరూ ఆ దారాలు పీకి, కంబళికి వడికినట్టు తొడమీద వేసి వడకబోతే చేతులంతా దురద. అమ్మ చీపురు తీసుకుని తరుముకునింది.

ఓబులయ్య కొండ దిగి నేవీలో చేరినాడు. సెలవుకు వచ్చినప్పుడు చెప్పేవాడు, ఓడ అడుగున బాయిలర్లకూ పైపులకూ తెల్లగా చుట్టిందేమో తెలుసునా, మన కొండ ఉన్నే! పైన ఫిరంగి పేలితే కింద ఆ తెల్ల పిండి జలజలా రాలిపడేదంట. "తలంబ్రాలు పడినట్టే పడతాదిరా నెత్తిన. నాకు ఓడతో ఎన్ని తూర్లు పెండ్లయిందో లెక్కే లేదు" అనేవాడు. ఇంట్లో అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. గురవమ్మ అయితే, "ఆ సవతినే చూసుకో పో" అని అన్నం గిన్నె ముందు ధన్‌మని పెట్టేది.

సర్వీసు అయిపోయి వచ్చేసరికి ఊరు రెండు పార్టీలైంది. పార్టీ అంటే జెండా మాత్రమే కాదు. ఎవురి బావిలో నీళ్లు తోడుకోవాల, ఎవురింటి పెండ్లికి పోవాల, ఎవురు చస్తే ఏడ్వాల, అన్నీ పార్టీనే చెప్పేది. ఇంటికొక మగోణ్ణి ఇయ్యాల. మిలిట్రీ మనిషి వచ్చినాడంటే పార్టీ పెద్దకు పండగే. తుపాకీ పట్టి జీపులో ముందు కూచోమని కబురంపినాడు. ఓబులయ్య పోయి చేతులు కట్టుకుని, "నేను మంట చూసేటోన్నప్పా, మంట పెట్టేటోన్ని గాదు" అని చెప్పి వచ్చేసినాడు. ఆ ఇంటి వంతు మాత్రం కాటమయ్య మీద పడింది. ఎలక్షన్లకు, పంచాయితీలకు, కోర్టు వాయిదాలకు అతనే పార్టీ జీపు వెనక వేలాడినాడు. అన్న మీద కోపమూ ఉండేది, అన్నలా అనలేకపోయానే అన్న చిన్నతనమూ ఉండేది.

పోనుపోను ఓబులయ్యకు దమ్ము ఆగేది కాదు. దొడ్డి నుంచి ఇంటికొచ్చేలోపల రెండు తూర్లు కూచునేవాడు. ఊళ్లో టీబీ అన్నారు, బీడీ అన్నారు. అతను బీడీ ముట్టింది లేదు. చివరికి మంచం పట్టి ఊపిరి అందని దినం, ట్రాక్టరులో ప్రొద్దుటూరు ఆసుపత్రికి తోలుకుపోయింది ఎదురుపార్టీ చిన్నసుబ్బయ్య. చిన్నప్పుడు ముగ్గురూ కలిసి మంద కాసినోళ్లు. పార్టీలు వేరైనాక చిన్నసుబ్బయ్య కాటమయ్యతో మాట్లాడేవాడు కాదు. ఆ దినం కూడా మాట్లాడలేదు, ట్రాక్టరు తోలినాడు, అంతే.

ఆసుపత్రిలో చూసింది అలీ అహ్మద్ అనే డాక్టరు. ఎక్స్‌రే చూసి, ఎక్కడ పనిచేసినావని అడిగి, బాయిలర్లు అనగానే తలాడించినాడు. ఇది రాతినార రోగం లాగుంది, అయితే ఎక్స్‌రేను నమ్మరు, నువ్వు పోయినాక లోపల చూసి రాస్తే నీ పెండ్లానికి ఎవురూ లేదనలేరు అని మొగం మీదే చెప్పినాడు. ఓబులయ్య నవ్వి సరే అన్నాడు. తరువాత తమ్మున్ని పక్కకు పిలిచి ఒక సాయం అడిగినాడు.

రెండు దినాలకు పోయినాడు. గురవమ్మ వార్డులోనే స్పృహ తప్పి పడింది. కాటమయ్య శవం వెంబడి మార్చురీ దగ్గరికి పోతే, అక్కడ జమ్మలమడుగు వైపు నుంచి నరికిన పీనుగొకటి ముందే వచ్చి ఉంది. దానికోసం రెండు జీపులు, మూతికి గుడ్డ కట్టుకున్న మనుషులు. వాళ్లలో తమ పార్టీవాడొకడు కాటమయ్యను చూసి వచ్చి భుజం మీద చెయ్యేసినాడు.

"ఎవురి పని మామా?"

"ఎవురి పనీ గాదప్పా. రోగం."

"రోగమైతే కోతెందుకు?" అని నవ్వినాడు వాడు. ఆ కాలంలో ఆ ఊర్లలో కోతకు పోయేది నరుకుడు పడిన పీనుగే. కోసినారంటే కేసు. కేసంటే పేర్లు. పోలీసుల ముందు ఎదుటి పార్టీలో ఎవురెవురి పేర్లు పెట్టాలనేది పీనుగు చల్లబడకముందే తేలిపోయేది. వాడు గేటు దగ్గర ట్రాక్టరు మీద కూచున్న చిన్నసుబ్బయ్యను చూసినాడు. "ఆ నాకొడుక్కి ఈడేం పని? బాగుండాది. వాని పేరే ముందు పెడదాం. పార్టీ పెద్దకు నేను జెప్తాలే మామా, నువ్వు కోత జరగనీ."

రోగంతో చచ్చినోనికి కేసేందిరా, చెయ్యి తియ్యి అనొచ్చు. డాక్టరు దగ్గరికి పరిగెత్తి సంగతి చెప్పొచ్చు. కాటమయ్య రెండూ చెయ్యలేదు. లోపలికి పోయి, "మా అన్నను కొయ్యొద్దు సారూ, మా కులంలో ఒప్పుకోరు" అన్నాడు. డాక్టరు రెండు తూర్లు అడిగినాడు. రెండు తూర్లూ అదే చెప్పి, అదే ట్రాక్టరులో శవాన్ని ఏసుకొచ్చి పొద్దు గూకేలోపల పూడ్చేసినాడు. చిన్నసుబ్బయ్య పారతో మన్ను కప్పినాడు. తన పేరు ఖూనీ కేసుకు ఎంత దగ్గరికి వచ్చి పోయిందో ఆయనకు ఇప్పటికీ తెలీదు.

ఒక మనిషిని జైలు నుంచి కాపాడినానని కాటమయ్య కొన్నాళ్లు తనకు తాను చెప్పుకున్నాడు. నిలబడలేదు ఆ మాట. అప్పుడు అతని తలలో చిన్నసుబ్బయ్య లేడు. భుజం మీద చెయ్యొక్కటే ఉంది. అది పిరికితనం. దానికి వేరే పేరు లేదు.

గోడ అవతల అరుపులు ఆగినాయి. గురవమ్మ దొడ్డి తడిక దగ్గరికి వచ్చింది. కొంగుతో మొగం తుడుచుకుని, "కాటమయ్యా, నీకు కష్టమైతే వద్దులే అబ్బోడా. నువ్వు ఆయప్పను ముక్కలు కానియ్యలేదు, నాకది చాలు" అని వెళ్లిపోయింది.

తిట్టింటే బతికిపోయేవాడు. గొర్రెపిల్ల కాలు వదిలేసినాడు.

మరుసటి దినం పులివెందుల బంగళాలో అధికారి ముందు గురవమ్మ కూచుంది. నాగేశ్వరమ్మ కూడా వచ్చింది, మొగుడు తప్పంతా నెత్తినేసుకుంటాడేమోనని కాపలాకు. వరండాలో పార్టీ మనుషులిద్దరు వేరే పని మీద వచ్చి బీడీలు కాలుస్తున్నారు. కిటికీ తెరిచే ఉంది.

"వద్దన్నది నువ్వేనా?" అన్నాడు అధికారి.

"నేనే సారూ. మా వదినకు తెల్దు. ఆయమ్మ సోయిలో లేదు."

"ఎందుకు వద్దన్నావు?"

నాగేశ్వరమ్మ అతని చొక్కా వెనక నుంచి పట్టి లాగింది. కాటమయ్య కిటికీ వైపు చూసి, గొంతు తగ్గించకుండానే చెప్పినాడు. "భయపడ్నా సారూ. కోస్తే మా పార్టీవాళ్లు దాన్ని ఖూనీ కేసు చేసి ఊరోళ్ల పేర్లు పెడతామన్యారు. కాదనే దమ్ము నాకు లేకపాయె. కులం గిలం అంతా అబద్ధం. ప్రేమ గూడా అబద్ధమే వదినా."

వరండాలో బీడీ కాల్చేటోడొకడు లేచి కిటికీ దగ్గరికి వచ్చినాడు. గురవమ్మ అతని మొగం చూడలేదు, తన చేతులు చూసుకుంది. నాగేశ్వరమ్మ చొక్కా వదిలేసింది.

అధికారి అడిగినాడు. "డాక్టర్ను పిలిపిస్తాలే. అంతకుముందు ఒకటి చెప్పు. పోయినాయనకు ఇది ఇష్టమేనా? ఆయన నీతో ఏమైనా అన్నాడా?"

"అన్యాడు సారూ" అన్నాడు కాటమయ్య. అప్పుడు వదిన వైపు తిరిగి, ఓబులయ్య ఎట్ల దమ్ము తీసుకుంటా చెప్పినాడో అట్లనే ఆగి ఆగి చెప్పినాడు:

"'రేయ్ కాటా, నేను పోయినంక డాక్టరు నా రొమ్ము తెరుస్తానంటే తెరవనీ. లోపలుండేది మన కొండ ఉన్నే, నాకు తెలుసు. వాళ్లు గూడా కండ్లారా చూడనీ. మీ వదిన ఏడుస్తాది, వద్దంటాది. నువ్వు పక్కనుండి ఆయమ్మను పట్టుకో. ఆ మాత్రం చెయ్యిరా నాకు.'"