సగం జాబితా

వార్రీ పట్టణంలో అక్షరాల బిళ్లలతో ఇంగ్లీషు మాటలు పేర్చే స్క్రాబుల్ ఆడేవాళ్లందరికీ ఎదాఫె బలహీనత తెలుసు. అతని చేతికి క్యూ గానీ ఎక్స్ గానీ వస్తే ఎదుటివాడు ఆట సగం గెలిచినట్టే. ఆ అక్షరాలతో రెండక్షరాల మాటలూ మూడక్షరాల మాటలూ అతనికి కొట్టినపిండి. కానీ నాలుగక్షరాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. బిళ్లను తిరిగి సంచిలో వేసి, ఒక వంతు వదులుకుంటాడు. బుర్రలేక కాదు. రేవులో బోటు ఇంజన్లు బాగుచేసే ఎదాఫెకు జె, జెడ్ మాటలు ఐదారు అక్షరాల దాకా నిద్రలో లేపి అడిగినా వస్తాయి.

కారణం మా క్లబ్బు పద్ధతిలో ఉంది. మొదలుపెట్టిన రోజుల్లో అందరికీ కలిపి ఒకే నిఘంటువు ఉండేది. అందుకని ఇద్దరిద్దరు జతకట్టి మాటల జాబితాను పంచుకునేవారు. ఎవరి సగం వారు నోటుపుస్తకంలో ఎక్కించుకుని, బట్టీపట్టి, రెండోవారికి నోటితో చెప్పాలి. జతగాడి పుస్తకం తెరవకూడదు. జత విడిపోతే ఇద్దరూ పుస్తకాలు మార్చుకోవాలి. అంతటితో లెక్క చెల్లు.

ఎదాఫె జత తొరిత్సెజు. అతని సగంలో జె, జెడ్ మాటలు, ఆమె సగంలో క్యూ, ఎక్స్ మాటలు. ఆసుపత్రి మందుల కౌంటరులో పనిచేసేది. ఉద్యోగానికి వెళ్లేముందు రేవుకు వచ్చి, తిరగేసిన పడవ మీద కూర్చునేది. అతను ఇంజను విప్పుతూ తన సగం అప్పజెప్పేవాడు, తర్వాత ఆమె తన సగం చెప్పేది. అర్థాలు కూడా చెప్పాలని పట్టుబట్టింది ఆమే. క్లబ్బులో మరెవరికీ ఆ పిచ్చి లేదు.

"అర్థం వండుకు తింటావా తల్లీ?" అనేవాడు మా ప్రెసిడెంటు బ్రూమె. "బోర్డు మీద అర్థానికి మార్కులెవడేస్తాడు?"

"తెలియని మనిషిని ఇంట్లోకి రానిస్తావా ప్రెసిడెంటుగారూ? మాటైనా అంతే," అనేది ఆమె.

అలా ఎదాఫెకు ఎస్-యూ-క్యూ అంటే అరబ్బుల సంత అనీ, క్యూ-ఏ-టీ అంటే ఎర్రసముద్రం పక్కవాళ్లు బుగ్గన పెట్టుకుని నమిలే ఆకు అనీ, పీ-వై-ఎక్స్ అంటే చర్చిలో పవిత్రమైన రొట్టెను దాచే చిన్న పెట్టె అనీ తెలిసింది. తన సగంలోని జెడ్-ఓ మంచు కొండల్లో బరువులు మోసే పశువని అతను చెప్పాడు. జె-ఓ అర్థం మాత్రం చెప్పలేదు.

"అర్థం?" అని అడిగింది ఆమె.

"స్కాట్లండువాళ్ల మాట."

"ఎవరి మాటని కాదు, అర్థమేంటని."

"తర్వాతది అడుగు," అన్నాడు, స్పానరు కోసం వెతుక్కుంటూ. ప్రియమైన మనిషిని అలా పిలుస్తారట. ఈ సంగతి పదేళ్ల తర్వాత, వానకు పని ఆగిన ఒక పూట, అతనే నాతో అన్నాడు.

ఇద్దరూ మూడక్షరాల మాటల దాకా చెప్పుకోవడం ముగిసింది. ఆ నెలలోనే తొరిత్సెజుకు పెళ్లి కుదిరింది. వరుడిది కాలబార్‌లో నౌకలకు సరుకులు అందించే కంపెనీ. హడావిడిలో వెళ్లిపోయింది. పుస్తకాలు మార్చుకోలేదు.

ఎదాఫె దృష్టిలో దాని అర్థం ఒక్కటే: జత విడిపోలేదు.

పద్నాలుగేళ్లు గడిచాయి. ఇప్పుడు జాబితాలు ఫోనులోనే దొరుకుతాయి. నేను సెక్రటరీనయ్యాక ఒకసారి అతనికి అచ్చు కాగితం ఇవ్వబోయాను.

"నాలుగక్షరాల క్యూ మాటలు పాతిక కూడా లేవు, ఓగా. ఒక ఆదివారం పని. ఇవి వస్తే రాష్ట్ర జట్టులో నీ పేరు రాసుకోవచ్చు," అన్నాను. పనిలో ఆరితేరినవాళ్లను మా ఊళ్లో ఓగా అంటాం.

"అవి ఆమె చెప్పాల్సినవి."

"ఆమెకిప్పుడు ముగ్గురు పిల్లలట."

"పిల్లలుంటే మాటలు మర్చిపోతారా?" అన్నాడు. కాగితం తీసుకోలేదు.

ఈ ఏడు జట్టు ఎంపికను వార్రీలోనే పెట్టారు. నాలుగు స్థానాలు. వేరే రాష్ట్రాలవాళ్లు కూడా ఆ స్థానాలకు పోటీపడవచ్చన్నారు. కాలబార్ నుంచి వచ్చిన పేర్లలో తొరిత్సెజు పేరు చూసి, ఎదాఫెకు కబురు పంపాను. ఆ శనివారం అతను ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. గోళ్ల కింద గ్రీజు లేదు.

ఆరో రౌండులో ఇద్దరికీ ఒకే బల్ల పడింది. ఆమె కాస్త లావెక్కింది, కళ్లజోడు వచ్చింది.

"ఎదాఫె! ఇంకా బతికే ఉన్నావా?" అని నవ్వింది.

"రేవు ఇంకా ఉంది మరి," అన్నాడు.

గడియారం నొక్కాక మాటలుండవు. నేను స్కోరు రాస్తూ పక్కనే ఉన్నాను. తన నాలుగో వంతు రాగానే ఆమె ఏమాత్రం తడుముకోకుండా నాలుగు బిళ్లలు పరిచింది: జెడ్-ఏ-ఆర్-ఎఫ్. ఎదాఫె చెయ్యి సంచి మీదే ఆగిపోయింది. ఆ మాట సరైనదేనని అతనికి తెలుసు. తన సగంలోది. తను ఆమెకు ఇంకా చెప్పని భాగంలోది. గడియారం నడుస్తూనే ఉంది. రెండు నిమిషాలు పోయాక గానీ అతను బోర్డువైపు చూడలేదు.

ముప్పై ఒక్క మార్కుల తేడాతో ఓడాడు. బిళ్లలు సంచిలో వేస్తూ అన్నాడు:

"అది నేను చెప్పలేదే."

"ఏది, జార్ఫా? చెయ్యి కాలకుండా వేడి కాఫీ గిన్నెకు వేసే తొడుగు. కాలబార్ వెళ్లిన మొదటి వానాకాలంలోనే పుస్తకం కొనుక్కుని అంతా చదివేశాను. కొత్త ఊరు, మాట్లాడేవాళ్లు లేరు, ఏం చెయ్యను? నువ్వూ నా సగం చదివేసే ఉంటావుగా?"

"ఆ. ఎప్పుడో," అన్నాడు ఎదాఫె.

ఆమె తర్వాతి బల్లకు వెళ్లింది. పోటీ ముగిసేసరికి అతనిది ఐదో స్థానం. సాయంత్రం బస్సెక్కే ముందు ఆమె దూరం నుంచి చెయ్యి ఊపింది. అతనూ ఊపాడు.

హాల్లో కుర్చీలు సర్దుతుంటే నా దగ్గరకు వచ్చాడు.

"సెక్రటరీ, ఆ క్యూ కాగితం ఉందా?"

నా చేతిసంచిలోంచి తీసి ఇవ్వబోయాను. చేతిలోకి తీసుకోలేదు. ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.

"నువ్వు చదువు. అర్థాలతో సహా."

అర్థాలు నాకేం తెలుసు? ఫోను తెరిచి ఒక్కొక్కటే వెతికాను. క్యూ-ఏ-డీ-ఐ, ముసల్మానుల న్యాయాధికారి. డబ్ల్యూ-ఏ-క్యూ-ఎఫ్, దేవుడి పేర వదిలేసిన ఆస్తి. అతను కళ్లు మూసుకుని ఒక్కోదాన్ని రెండుసార్లు అనుకుంటున్నాడు. ఆరో మాట దగ్గర కళ్లు తెరిచాడు.

"ఆమె కొంచెం అలిసినట్టు లేదూ?"

"బాగానే ఉంది, ఓగా. ప్రయాణం కదా."

కాసేపు గుమ్మంవైపు చూశాడు.

"సరే. తర్వాతది," అన్నాడు.