రాహుకాలంలో ముట్టుకోని పిస్టల్

పేలకుండానే ఒక పిస్టల్ మనిషిని ఎంత దెబ్బ తీయగలదో నాకు తెలిసినంతగా నంద్యాలలో ఇంకెవరికీ తెలియదు. కంగారు పడకండి, ఈ కథలో రక్తపాతమేమీ లేదు. పోయింది నా పరువొక్కటే.

మాది ఎరువుల అంగడి. సాయంత్రాలు షూటింగ్ క్లబ్బుకు పోయి, పది మీటర్ల దూరంలోని కాగితానికి ఎయిర్ పిస్టల్‌తో గురి పెట్టేవాణ్ణి. క్లబ్బులో ఉన్నది ఒకటే పిస్టల్. దాని కోసం రేషన్ అంగడి దగ్గర నిలబడినట్టు వరసలో నిలబడాలి. జిల్లా జట్టు ఎంపిక దగ్గరపడింది. ఎలాగైనా జట్టులో ఉండాలని నా కోరిక. ఉంటానని గోస్పాడు నుంచి వచ్చే రైతులకు యూరియా బస్తాతో పాటు చెప్పి పంపించాను కూడా.

అప్పుడే ఆళ్ళగడ్డలో ఓబులేసన్న అనే పాత షూటర్ తన పోటీల ఎయిర్ పిస్టల్ అమ్ముతున్నాడని తెలిసింది. విదేశీ సరుకు. కంపెనీ దాన్ని తయారు చేయడం ఎప్పుడో మానేసిందట. మానేసిందంటే మహా గొప్పదై ఉంటుందని నా తెలివికి తోచింది. వెంటనే ఫోనులో డబ్బు పంపి, క్లబ్బు మాస్టరు దగ్గరికి పోయి నా వంతు ఇంకెవరికైనా ఇచ్చేయమని దర్జాగా చెప్పాను. ఆ దర్జా గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

ఆదివారం బస్సెక్కితే దారిలో టైరు పంక్చరైంది. ఆళ్ళగడ్డలో దిగేసరికి రాహుకాలం మొదలైంది. మా ఇంట్లో రాహుకాలంలో అగ్గిపెట్టె కూడా కొనరు. అమ్మ ఫోన్ చేసి, దుడ్లు ముందే ఇచ్చినావు కాబట్టి కొన్నదానికి దోషం లేదని, వస్తువును మాత్రం పూజ అయ్యేదాకా ముట్టుకోవద్దని తీర్పు చెప్పింది. ఓబులేసన్నేమో కోయిలకుంట్లలో పెళ్ళికి బయల్దేరుతూ సంచీ భుజానికి తగిలించుకుని ఉన్నాడు.

"ఒకసారి చేతిలో పట్టుకోని చూడప్పా" అన్నాడు పెట్టె తెరిచి.

"వద్దులే అన్నా, రాహుకాలం."

"పిడి చేతికి సరిపోతాందో లేదో చూసుకోకుంటే ఎట్ల?"

"నువ్వు చూపియ్యన్నా, చాలు."

ఆయన నన్ను వింతగా చూసి, పిస్టల్ తీసి గోడకు గురి పెట్టి చూపించాడు. ఎడమచేత్తో. నా గుండె కరిగిపోయింది. పాపం, కుడిచెయ్యి పడిపోయినట్టుంది, అందుకే అమ్ముకుంటున్నాడు అనుకున్నాను. అడిగితే బాధపడతాడని అడగలేదు. పెట్టెను తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని నంద్యాలకు తెచ్చాను.

ఇంట్లో పూజ ఘనంగా జరిగింది. పిస్టల్‌కు కుంకుమ పెట్టారు, పెట్టెకు నిమ్మకాయ కట్టారు. నా భార్య సుజాత అలవాటుగా హారతి పళ్ళెం ఎడమచేత్తో అందుకుంటే అమ్మ కళ్ళు ఉరిమింది. సుజాత చెయ్యి మార్చుకుంది. ఆమెది పుట్టుకతో ఎడమచేతి వాటం. వడ్డించేటప్పుడు ఆ చెయ్యి గరిటె మీదికి పోతే అమ్మ ఒక మాట, వంతపాటగా నేనొక మాట అనడం మా ఇంటి ఆచారం.

ఇరుగుపొరుగు చూస్తుండగా పిస్టల్ అందుకున్నాను. పిడి చేతిలో కుదరలేదు. బొటనవేలికి ఉండాల్సిన గుంట అవతలి వైపు ఉంది. అరచేతికి ఉండాల్సిన ఉబ్బు నా వేళ్ళను తోసేస్తోంది. ఓబులేసన్నకు ఫోన్ చేశాను. వెనక పెళ్ళి మేళం మోగుతోంది.

"నాది ఎడం చెయ్యప్పా. పట్టి చూపిస్తి గదా."

"నీ కుడిచెయ్యి బాగలేదనుకుంటినన్నా."



"నా కుడిచేతికి ఏమొచ్చెరా?" అన్నాడాయన.

కుడిచేతి పిడి ఎక్కడా దొరకలేదు. కంపెనీ ఆ పిస్టల్‌తో పాటు దాని పిడినీ మానేసింది మరి. క్లబ్బులో నా వంతు కోసం పోతే, దర్జాగా వదులుకున్నది దర్జాగానే పోయిందని మాస్టరు నవ్వాడు. ఎడమచేత్తో ప్రయత్నించాను. నా గుండ్లు పక్కవాడి కాగితానికి తగిలాయి. వాడు మర్యాదస్తుడు, థాంక్స్ చెప్పాడు.

ఆ రోజు నాకు టిఫిన్ క్యారియర్ తెచ్చిన సుజాత ఇదంతా చూస్తూ కూర్చుంది. చివరికి లేచి, "ఇట్లియ్యి" అంది. ఎడమచేత్తో అందుకుంది. పిడి ఆమె చేతిలో కొలిచి కుట్టిన రవికెలా కూర్చుంది. మాస్టరు చెప్పినట్టు నిలబడి, ఊపిరి బిగబట్టి కాల్చింది. గుండు కాగితం నడుమ నల్లమచ్చలో పడింది. తర్వాతవి ఇంకా లోపల పడ్డాయి. మాస్టరు నా వైపు చూడకుండా ఆమె పేరు రాసుకున్నాడు. నిజం చెప్పాలంటే నాకు గర్వం కన్నా ముందు ఏడుపొచ్చింది.

జిల్లా జట్టులోకి మా ఇంటి మనిషే వెళ్ళింది, నేను కాదు. ఆడవాళ్ళలో పోటీకి వచ్చింది ముగ్గురేనని నేను అందరికీ చెబుతుంటాను. మగవాళ్ళలో నువ్వు కాగితం కూడా తాకలేదని ఆమె గుర్తుచేస్తుంటుంది.

కాబట్టి మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట రాహుకాలమైనా సరే, చేత్తో పట్టి చూడకుండా ఏ వస్తువూ ఇంటికి తేను. సుజాత ఎడమచేత్తో ఎంత పప్పు వేసినా కిక్కురుమనకుండా తింటాను. ఆ చెయ్యి గురి తప్పదని అమ్మకు కూడా తెలిసింది. నిన్న తన కంచం తనే ఆ చేతి ముందుకు జరిపింది.