ప్లాస్టిక్ గడ్డికి నీళ్లు

చిత్తూరు ఫుట్‌బాల్ మైదానంలోకి మునస్వామి చెప్పులు బయట విడిచే వస్తాడు. పట్టేసిన నడుముకు ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో గడ్డికి నీళ్లు చల్లుతాడు. ఒక మధ్యాహ్నం క్లబ్బు సెక్రటరీ పరంధామయ్య ప్లాస్టిక్ గడ్డి ముక్క తెచ్చి గోలు ముందర పరిచాడు.

"మైదానమంతా ఇది పరిస్తే నీళ్ల పనే ఉండదప్పా. నువ్వింక ఇంట్లో కూర్చోవచ్చు."

"అట్నే సామీ," అన్నాడు మునస్వామి. నడుముకు సుఖమే, కూటికే కష్టం. నిట్టూర్చి ఆ ముక్క మీద కాలు పెట్టాడు. అరికాలు చుర్రుమంది. వెంటనే బిందె తెచ్చి దానిమీద వంచాడు.

"ప్లాస్టిక్కుకు నీళ్లేందప్పా!" పరంధామయ్య నవ్వాడు.

"కాలతా ఉండాది సామీ. బడి వదిలితే పిలకాయలు ఒట్టికాళ్లతో వస్తారు గదా," అంటూ మునస్వామి నడుం పట్టుకుని ఇంకో బిందెకు కొళాయి వైపు నడిచాడు.