మొఖం ఎరుకైతే చుట్టమైతడా?

అనుమానించడం స్వరూపకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. గోదావరిఖని బొగ్గుగని కాలనీలో వాళ్లమ్మ సరోజన, నీళ్లడిగిన మనిషినైనా సరే గేటు బయటే నిలబెట్టి, "ఎవలోల్లు? మీ బాపు ఎవలు? ఆయన ఎవలకేమైతడు?" అని తవ్వేది. తన చుట్టాల్లో ఒకరి దగ్గరికి వరుస చేరితే గానీ వదిలేది కాదు.

ఇప్పుడు కరీంనగర్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో స్వరూప చేసేదీ దాదాపు అదే. అందరూ రాసిన కోడ్ చేరే గిట్ సర్వర్‌కు కాపలా ఆమె. అందులో ప్రతి మార్పూ తన ముందటి మార్పును పట్టుకుని వేలాడుతుంది. నడుమ ఒక్కటి లేకున్నా పైదంతా దండగ. అందుకే కొత్తది వచ్చినప్పుడల్లా సర్వర్ మొట్టమొదటి మార్పుదాకా వెనక్కి నడిచి, అన్నీ ఉన్నాయో లేదో చూస్తుంది. ఏళ్లనాటి కోడ్ కదా, అందరూ చాయ్ తాగొచ్చినా ఆ నడక తెమలదు.

అట్లాంటిదాన్ని కొత్తగా చేరిన నిరంజన్ రెప్పపాటుకు తెచ్చాడు. మేనేజర్ విద్యాధర్ మురిసిపోయాడు. స్వరూపకు మాత్రం ఒళ్లు మండింది.

"గంత సులువైతే ఇన్నేండ్లు మనం గడ్డి పీకినమా, సార్?"

"అయితే సాయంత్రం వరకు తప్పు చూపియ్యి. లేకుంటే రేపటి సంది సర్వర్ నిరంజనే చూసుకుంటడు."

వీడు నా కుర్చీకే ఎసరు పెట్టిండనుకుంది స్వరూప. పళ్లు కొరుకుతూ అతని కోడ్ చదివింది. వెనక్కి నడుస్తూ, సర్వర్‌లో ఇదివరకే ఉన్న మార్పు కనబడగానే ఆగిపోతుంది. అంతే.

"ఉన్నది కదక్కా, ఇంక దాని వెనుక ఎందుకు చూసుడు?" అన్నాడు నిరంజన్.

నిజమే అనిపించింది. అదే ఆమెకు నచ్చలేదు.

మధ్యాహ్నం స్వరూప అన్నం తింటుంటే సరోజన ఫోన్ చేసింది. "ఒకడచ్చిండే. మీ చుట్టాన్నే, రెండొద్దులుంట అంటుండు. మొఖమైతే ఎరుకున్నట్టే ఉన్నది."

"ఉండుమన్నవా?"

"ఏందే! మొఖం ఎరుకైతే చుట్టమైతడా?"

స్వరూప చేతిలో ముద్ద అట్లాగే ఆగింది. సర్వర్‌లో కూడా అట్లాంటివి ఉంటాయి! పంపేటప్పుడు నెట్ తెగిపోతే సగంలో పడిపోయిన మార్పులు. అవి ఉంటాయి గానీ ఏ బ్రాంచిలోనూ, అంటే అందరూ వాడుకునే కోడ్ వరుసలో, చేరవు, వాటి వెనకవి అసలు వచ్చే ఉండవు.

సర్వర్‌కు ఒక కాపీ తీసి, అందులో అట్లాంటి మార్పొకదాన్ని పడేసి, దానిమీద కొత్తది పెట్టింది. నిరంజన్ తనిఖీ "అంతా బాగుంది" అంది. తీరా తెరిస్తే పాత కోడ్ లేదు.

స్వరూపకు కడుపు చల్లబడింది. నిరంజన్ ముఖం పాలిపోయింది.

"నాకు తట్టనే లేదక్కా. ముందు నీకే చూపిద్దామనుకున్న. కోపానికస్తవని భయమైంది."

ఆమెకు చివుక్కుమంది. కోడ్‌ను అనుమానించడం న్యాయమే, పిల్లగాణ్ని అనుమానించడమే పాపం. పక్కన కూర్చుని తనే సరిచేసింది: ఉన్నది కదా అని ఆగొద్దు, బ్రాంచిలో చేరినదాని దగ్గరే ఆగాలి. చేరిన రోజే దాని వెనకంతా చూసేశారు కాబట్టి అది చుట్టం. ఈ తనిఖీ కూడా రెప్పపాటులోనే ముగిసింది. "సర్వర్ నువ్వే చూస్కో" అని స్వరూపతో చెప్పి విద్యాధర్ వెళ్లిపోయాడు.

స్వరూప నిరంజన్‌ను తీసుకెళ్లి తన కుర్చీలో కూర్చోబెట్టింది. "గిప్పుడు నాదాంట్ల తప్పు వెతుకు."

ఆఫీసు మూసేదాకా వెతికి, "ఏం దొరకలేదక్కా" అన్నాడు.

స్వరూప అతణ్ని ఎగాదిగా చూసింది.

"దొరకలేదా, నువ్వు సక్కగ వెతకలేదా?"