పిడికెడు బియ్యం, జీపులో సీటు

మా సంఘంలో సువార్త యాత్రకి డబ్బు పోగుచేసేది ఆడవాళ్ళు, యాత్రకి వెళ్ళేది మగవాళ్ళు. ఎవరూ పెట్టిన నియమం కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. ఏటా వేసవిలో పాస్టరు గారూ, సంఘ పెద్దలూ ఒక జీపు మాట్లాడుకుని మన్యం కొండల్లోకి వెళ్ళేవారు. వారం పదిరోజులు అక్కడి పల్లెల్లో పాటలు పాడి, వాక్యం చెప్పి, బట్టలూ మందులూ పంచి వచ్చేవారు. జీపు ముందు కట్టే గుడ్డ బ్యానరు మీద సంఘం పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో ఉండేది. దాని కింద, మిగిలిన రంగుతో రాసినట్టు సన్నగా, 'స్త్రీల సమాజం వారి సహకారంతో' అని ఉండేది. ఆ 'సహకారం' అన్న మాట చూస్తే నాకు ఒళ్ళు మండేది. డబ్బంతా ఒకరిదైతే దాన్ని సహకారం అంటారా? అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం అంటారు.

మాది ఇబ్రహీంపట్నం. నాన్న థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు పని చేసేవాడు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. నేను చెప్పేది తొంభైల చివరి సంగతి. అప్పుడు నేను బెజవాడలో డిగ్రీ చదువుతూ రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని.

ఆడవాళ్ళు డబ్బు పోగుచేసే పద్ధతి పిడికెడు బియ్యం. వంటకి బియ్యం కొలుచుకున్నాక అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తారు. అది దేవుడి వంతు. ఇంట్లో ఎసట్లోకి చాలకపోయినా ఆ డబ్బాలో చెయ్యి పెట్టరు. నెలకోసారి ఆ బియ్యం గుడికి, అదే మా చర్చికి, తెచ్చి గోతాంలో పోస్తారు. వినడానికి ఎంతో బావుంటుంది. అమ్మబోతే తెలుస్తుంది అసలు కథ. ఒకరింట్లో సన్నబియ్యం, ఇంకొకరింట్లో కోటా బియ్యం, ఒకరివి పాతవి, ఒకరివి నిన్నగాక మొన్న మర ఆడించినవి. అన్నీ ఒకే గోతాంలో. పొయ్యి మీద పెడితే సగం మెత్తగా చిమిడిపోతాయి, సగం పలుకుగా ఉండిపోతాయి. "ఈ కలగాపులగం బియ్యం ఎవరు కొంటారు పిన్నిగారూ? కోళ్ళకి వేసుకోవాలంతే" అని కిరాణా కొట్టాయన నూకల ధర కట్టేవాడు. ఎవరిళ్ళలో వాళ్ళు వేరుగా అమ్మి డబ్బులు తెస్తే రెట్టింపు వచ్చేదని నేనంటే, మా స్త్రీల సమాజం వాళ్ళు తప్పు తప్పు అని చెంపలేసుకున్నంత పని చేశారు. దేవుడి గోతాంలో ధనవంతురాలి బియ్యం, పేదరాలి బియ్యం అని వేరుగా ఉండకూడదట. మాట బాగానే ఉంది. చిరాకు మాత్రం తగ్గలేదు.

ఆ ముందు ఏడాది యాత్ర నుంచి వచ్చిన పెద్దలు, ఆ కొండపల్లెల్లో ఆడవాళ్ళు మీటింగుల దగ్గరికే రావడం లేదని చెప్పారు. అమ్మ ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చుని నవ్వింది.

"అంతమంది మగాళ్ళు జీపు దిగి మైకు పెడితే ఏ ఆడది వస్తుందే? నేనైనా రాను. ముందు ఇంట్లోకెళ్ళి, పొయ్యి దగ్గర కూర్చుని, పిల్లలెందరమ్మా అని అడగాలి. ఆ తర్వాత కదా వాక్యం."

ఆ నవ్వులోంచే అమ్మకి ఆ కోరిక పుట్టింది. తను వెళ్ళాలి. పెళ్ళయ్యాక అమ్మ తనకంటూ ఏదైనా కావాలని అనడం నేనెప్పుడూ వినలేదు. పాస్టరు గారి భార్య ద్వారా కమిటీకి కబురు వెళ్ళింది. ఈసారి డబ్బు బాగా వస్తే ఆడవాళ్ళకి ఒక సీటు ఇద్దాం అని పెద్దలు సెలవిచ్చారు.

డబ్బు బాగా రావాలంటే బియ్యం నూకల ధరకి పోకూడదు. ఆ గోతాం చుట్టూ తిరిగి తిరిగి దారి కనిపెట్టింది మా అమ్మ. పిండి చేస్తే సన్నబియ్యమేంటి, కోటా బియ్యమేంటి? అంతా తెల్లగానే ఉంటుంది. ఇక ప్రతి శనివారం మా పెరట్లో పప్పుచెక్కలే. పిండిమర నుంచి వచ్చిన పిండిలో నానబెట్టిన శనగపప్పు, దంచిన అల్లం పచ్చిమిర్చి, కరివేపాకు వేసి, వేడి నూనె పోసి కలిపేవాళ్ళు. ఒకళ్ళు ఉండలు చేస్తే ఇంకొకళ్ళు పాలిథిన్ కాగితం మీద వత్తేవాళ్ళు. థర్మల్ బూడిద పడకుండా పాత చీరలు పైన పందిరిలా కట్టేవాళ్ళు. అయినా పడేది. మిరియాల పొడి అనుకుంటార్లే అని ఎవరో ఒకరు అనేవాళ్ళు, అందరూ నవ్వేవాళ్ళు. ఆ శనివారాలు మాత్రం నాకు నిజంగా ఇష్టం.

అమ్మడం నా పీకల మీదికొచ్చింది. కాలేజీలో సిగ్గు చంపుకుని అమ్మాను. మైలవరం బస్సులో మాస్టార్లకి అమ్మాను. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో మా సంఘం వాళ్ళే ఒక పెద్ద ఉద్యోగి ఉన్నారంటే సంచి మోసుకుని మూడో అంతస్తు దాకా ఎక్కాను. ఆయన ఒక చెక్క రుచి చూశారు. ఇంకొకటి రుచి చూశారు. కరకరమని బాగా నమిలి, చేతిరుమాలుతో మూతి తుడుచుకుని, "మీ పరిచర్య కోసం తప్పకుండా ప్రార్థన చేస్తానమ్మా" అన్నారు. మావాళ్ళలో ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. డబ్బివ్వను అని. మళ్ళీ అన్ని మెట్లూ దిగుతూ నాకు ఏడుపొచ్చినంత పనైంది. అదే కాలేజీ క్యాంటీనులో టీ మాస్టరు, ఆయనకి మా దేవుడితో ఏ సంబంధమూ లేదు, రెండు ప్యాకెట్లు కొని మర్నాడు మళ్ళీ అడిగాడు.

మొత్తానికి వచ్చింది డబ్బు. అంతకుముందు ఎప్పుడూ రానంత వచ్చింది. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు అమ్మ పేరు చదివారు. అమ్మ తల దించుకుని కొంగు సర్దుకుంది. కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డలన్నీ చేర్చి అక్కడి చిన్నపిల్లలకి గౌన్లు కుట్టింది. "ఈ వయసులో నీకెందుకే ఈ తిరుగుళ్ళు?" అని నాన్న నెలంతా సణిగి, చివరికి తనే వెళ్ళి టార్చిలైటు కొనుక్కొచ్చి సంచిలో పెట్టాడు.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం సంఘ పెద్ద ఒకాయన మా ఇంటికొచ్చారు. మాకు దూరపు బంధువు కూడా. కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, వాతావరణం గురించి మాట్లాడారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"చెల్లెమ్మా, ఈసారి యాత్ర అంతా వీడియో తీయిద్దామని కమిటీ అనుకుందమ్మా. వీడియో చూపిస్తేనే కదా వచ్చే ఏడు చందాలిచ్చేది. ఆ వీడియో అబ్బాయీ, అతని లైట్ల పెట్టెలూ... జీపులో చోటు సరిపోవడం లేదు."

"అంటే నేను రావద్దంటారా అన్నయ్యగారూ?" అంది అమ్మ.

"అబ్బెబ్బే, రావద్దని కాదు. వచ్చే ఏడు నిన్ను తప్పకుండా తీసుకెళ్తాం. అయినా ఆ కొండల్లో నువ్వేం పడతావమ్మా. ఆఁ, దారిలోకి పులిహోర మాత్రం నీ చేత్తోనే చెయ్యాలి. పోయినసారి ఎంత బావుందో!"

అమ్మ ఆయన తాగిన గ్లాసు అందుకుంది. తర్వాత "సరేనండీ" అంది.

ఆయన గేటు దాటకముందే నేను అరిచాను. యాత్ర కోసం చందాలు, చందాల కోసం వీడియో, వీడియో కోసం అమ్మ సీటు! కూరలో కరివేపాకులా తీసి పారేస్తుంటే సరేనండీ అంటుందా? పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా అంతా వింది. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా" అంది. అనేశాక, అనకూడని మాట అన్నానేమోనని నాలిక్కరుచుకుంది. ఆ సామెతలో పూజారి బదులు ఎవర్ని పెట్టాలో నేను గట్టిగా చెప్పబోతే అమ్మ నోరు ముయ్యమంది. తెల్లవారుజామున లేచి పులిహోర కూడా చేసింది. ఆ రోజు నాకు పెద్దల మీద కంటే అమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది. గౌన్ల మూట కూడా తనే మోసుకెళ్ళి జీపులో పెట్టింది.

వాళ్ళు తిరిగొచ్చిన మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక గుళ్ళోనే టీవీ పెట్టి వీడియో వేశారు. మగవాళ్ళు బెంచీల మీద, మేము ముందు చాపల మీద కూర్చున్నాం. వీడియోలో ముందు జీపు కనిపించింది, తర్వాత చాలాసేపు కొండలు. ఆ తర్వాత పెద్దలు ఒక్కొక్కరే మైకు ముందుకొచ్చి మాట్లాడారు. నాకు ఆవలింతలొచ్చాయి. ఒకచోట వీడియో అబ్బాయికి ఏం తోచిందో, కెమెరా పక్కకి తిప్పాడు. దూరంగా ఒక గుడిసె గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. చంకలో బిడ్డ. ఆ బిడ్డ ఒంటి మీద అమ్మ కుట్టిన గౌను. మా పూల పూల జాకెట్టు గుడ్డ నాకు బాగా తెలుసు. ఆమె మీటింగు వైపు చూస్తోంది. ఒక అడుగు బయటికి వేసింది. మగవాళ్ళందర్నీ చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. కెమెరా తిరిగి మైకు వైపు వచ్చేసింది.

టీవీ ఆపి, మా ఇంటికొచ్చిన ఆ పెద్దాయనే లేచి సాక్ష్యం చెప్పారు. "చూశారుగా, ఆ ఆడవాళ్ళ హృదయాలు ఎంత కఠినంగా ఉన్నాయో. ఒక్కరూ రాలేదు. వాళ్ళ కోసం మన స్త్రీల సమాజం ఉపవాస ప్రార్థన పెట్టుకోవాలి."

నా పక్కన అమ్మ లేచి నిలబడింది. మా గుళ్ళో ఆడవాళ్ళు పాడతారు గానీ అలా లేచి మాట్లాడరు.

"అన్నయ్యగారూ, ఆమె వచ్చిందండీ. గుమ్మం దాకా వచ్చింది. మీరందరూ చూశారు. రానిది మేమండీ."

పాస్టరు గారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "కూర్చోమ్మా, కూర్చో. అందరం కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దాం" అన్నారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. పాస్టరు గారు కొండల కోసం, పల్లెల కోసం, దాతల కోసం, వీడియో తీసిన అబ్బాయి కోసం కూడా ప్రార్థించారు. ఆమెన్ అనేసరికి అందరూ సర్దుకుని లేవబోయారు. అమ్మ ఒక్కతే ఇంకా నిలబడి, పాస్టరు గారి వైపే చూస్తోంది.